మాఫ్ పొడిని డీగ్యాస్‌కి పెట్టే ముందు

మాఫ్ అంటే లోహ అయాన్లను సేంద్రియ అణువులతో అల్లిన, సన్నని రంధ్రాలున్న పదార్థం. దాని ఉపరితల వైశాల్యం కొలిచే ముందు వేడితో, వాక్యూమ్‌తో ఆ రంధ్రాలను ఖాళీ చేయడమే డీగ్యాస్. హైదరాబాద్‌లో వానాకాలం ల్యాబ్‌లోని తేమ గాలే ఈ పొడికి పెద్ద శత్రువు. ఇక్కడ చెప్పేది హెచ్‌కేయూఎస్‌టీ-1 గురించి, అంటే రాగి అయాన్లను ట్రైమెసిక్ ఆమ్లంతో అల్లిన చట్రం. దీనికి రంగే సాక్షి: లేత నీలంగా ఉంటే రంధ్రాల్లో నీళ్లున్నట్టు, ముదురు ఊదా-నీలంలోకి మారితే ఖాళీ అయినట్టు. మూత తీసి బల్ల మీద పెట్టి టీకి వెళ్లారంటే మళ్లీ లేత నీలమే.

- తయారీలో డీఎంఎఫ్ అనే ద్రావణి వాడితే నేరుగా వేడి చేయొద్దు. అది మరిగేది 153 డిగ్రీల దగ్గర, రంధ్రాలు వదలదు. దాని చోటులోకి తేలిగ్గా ఆవిరయ్యే మిథనాల్ చేరేలా పొడిని మిథనాల్‌లో నానబెట్టి, ఆ మిథనాల్‌ను రోజుకోసారి మారుస్తూ మూడు రోజులు ఉంచండి.
- ఖాళీ ట్యూబ్ తూకం ముందే రాసుకోండి. పొడి సుమారు 100 మిల్లీగ్రాములు చాలు. లెక్కకు తీసుకోవాల్సింది డీగ్యాస్ తర్వాతి బరువు. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: తడి బరువుతో భాగిస్తే ఉపరితల వైశాల్యం తక్కువొస్తుంది, పాపం నింద పదార్థం మీద పడుతుంది.
- వాక్యూమ్ వాల్వ్ మెల్లగా తెరవండి, లేకపోతే పొడి ఎగిరి పంపు దారిలోకి పోతుంది.
- ముందు 80 డిగ్రీల దగ్గర గంట, తర్వాత 150 దగ్గర రాత్రంతా. త్వరగా అవుతుందని 200 దాటిస్తే రాగి క్షయకరణం చెందొచ్చు.
- కొలతప్పుడు ట్యూబును చల్లగా ఉంచే ద్రవ నైట్రోజన్ ఒక లీటరు దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది. కిటికీలు మూసిన ఏసీ గదిలో పోయొద్దు, ఊపిరాడదు.