బోన్సాయ్ ఫైకస్‌కు కుండీ మార్చేటప్పుడు మట్టి మిశ్రమాన్ని ఎలా ఎంచుకోవాలి?

పాత గోడల పగుళ్లలో, తాటి మట్టల సందుల్లో రావి, మర్రి, జువ్వి మొలకలు ఏ ఎరువూ లేకుండా ఏళ్ల తరబడి పెరగడం మనం చూస్తూనే ఉంటాం. అక్కడ వాటి వేళ్లకు అందేవి కొద్దిపాటి తడి, కావలసినంత గాలి. ఇవన్నీ ఫైకస్ జాతి చెట్లే; ఆ జాతిలో చాలావాటికి ఇంచుమించు ఇదే స్వభావం కనుక, లోతు తక్కువ బోన్సాయ్ కుండీ కోసం మిశ్రమం కలిపేటప్పుడు దాని సారం సంగతి తరువాత చూసుకోవచ్చు. అందులో గాలి నిలుస్తుందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి.

తోటమట్టి ఎందుకు పనికిరాదో తెలిస్తే మిగిలిన ఎంపిక సులువవుతుంది. నీళ్లు పోసినప్పుడు అదనపు నీరు రంధ్రాల గుండా పోయినా, కుండీ అడుగున కొంత మట్టి పూర్తిగా నీటితో నిండి అలాగే ఉండిపోతుంది. ఈ తడి పొర ఎంత మందంగా ఉంటుందన్నది కుండీ లోతును బట్టి కాక మట్టి రేణువుల పరిమాణాన్ని బట్టి ఉంటుంది. రేణువులు ఎంత సన్నగా ఉంటే పొర అంత మందమవుతుంది. అందువల్ల అడుగు లోతున్న మామూలు కుండీలో ఏ ఇబ్బందీ పెట్టని మట్టే, రెండు అంగుళాల లోతున్న బోన్సాయ్ కుండీలో పై దాకా తడిగా నిలిచి వేళ్లను కుళ్లబెడుతుంది. అడుగున గులకరాళ్లు పరిస్తే సరిపోతుందని చాలామంది నమ్ముతారు. నిజానికి రాళ్లు పరిచినందువల్ల ఆ తడి పొర ఇంకా పైకి, వేళ్ల దగ్గరికి జరుగుతుందే తప్ప తగ్గదు.

1. ముడి పదార్థాలను ఎంచుకోండి.
మన ప్రాంతంలో సులువుగా, చవకగా దొరికే మంచి పదార్థం బాగా కాలిన ఎర్ర ఇటుక. అది తనలో తడిని పీల్చుకుంటుంది, ముక్కల మధ్య సందుల్లో గాలిని ఉంచుతుంది. సరిగా కాలని ఇటుక కొన్నాళ్లకు బురదగా మారుతుంది కనుక, ఒక ముక్కను రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఉదయం చేతివేళ్ల మధ్య నలిపి చూడాలి. నలిగితే దానిని వాడకూడదు. సున్నం, సిమెంటు అంటిన పాత ఇటుకలు మిశ్రమానికి క్షారగుణం తెస్తాయి కాబట్టి వాటినీ పక్కన పెట్టాలి. ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి), లావా రాయి దొరికితే ఇటుక స్థానంలో నిశ్చింతగా వాడవచ్చు. జపాన్ నుంచి వచ్చే అకడమా అనే బంకమట్టి గుళికలు మంచి పదార్థమే అయినా ఖరీదైనవి, కాలక్రమేణా నలిగి పొడి అయిపోతాయి. ఫైకస్ వంటి మొండి చెట్టుకు అవి తప్పనిసరి అని నేను అనుకోను.

తడిని పట్టి ఉంచడానికి కోకోపీట్, కొద్దిపాటి పోషణకు బాగా మాగిన వర్మీకంపోస్ట్ కలపాలి. కోకోపీట్‌లో ఉప్పు ఉండే అవకాశం ఉంది కనుక రెండు మూడు సార్లు కడిగి పిండాలి. సముద్రపు ఇసుక అసలు వాడకూడదు. నల్లరేగడి మట్టి తడికి ఉబ్బి, ఎండకు పగిలి సన్నని వేళ్లను తెంపుతుంది కాబట్టి గుప్పెడు కూడా కలపవద్దు.

2. జల్లెడ పట్టండి.
ఈ పనిని వదిలేస్తే మిగిలిన శ్రమంతా వృథా అవుతుంది. ఇటుకను తడిపి, ముక్కుకు గుడ్డ కట్టుకుని పగలగొట్టండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హానికరం. ముక్కలను ఆరబెట్టి, 6 మి.మీ. జల్లెడలో నిలిచిన పెద్ద వాటిని మళ్లీ పగలగొట్టాలి, 2 మి.మీ. జల్లెడ నుంచి రాలిన పొడిని తీసివేయాలి. మధ్యలో మిగిలినవే మనకు కావలసినవి. వాటిని నీళ్లు తేటపడే దాకా కడగండి.

3. మీ వాతావరణాన్ని బట్టి పాళ్లు నిర్ణయించండి.
వానలు, ఉక్క ఎక్కువగా ఉండే కోస్తాలో ఏడు పాళ్ల ఇటుకకు రెండు పాళ్ల కోకోపీట్, ఒక పాలు వర్మీకంపోస్ట్ సరిపోతాయి. పొడిగాలి వీచే రాయలసీమ, తెలంగాణ జిల్లాలలో, ముఖ్యంగా మేడ మీద పెంచేవారు, ఇటుకను ఆరు పాళ్లకు తగ్గించి కోకోపీట్‌ను మూడుకు పెంచవచ్చు. పాళ్లను తూకంతో కాకుండా ఒకే డబ్బాతో కొలవాలి. రోజుకు ఎన్నిసార్లు నీళ్లు పోయగలరన్నది కూడా లెక్కలోకి తీసుకోండి. ఉదయం వెళ్లి రాత్రికి ఇల్లు చేరేవారికి కోకోపీట్ కాస్త ఎక్కువ ఉండడమే మేలు.

4. గాలి ఎంత ఉందో కొలవండి.
కుండీ రంధ్రాలను మూసి, అది ఎంత నీరు పడుతుందో మొదట కొలవండి. తరువాత ముందే తడిపిన మిశ్రమంతో నింపి, పై వరకు తేలేలా నెమ్మదిగా నీళ్లు పోయండి. ఇప్పుడు రంధ్రాలు తెరిచి, కిందికి దిగిన నీటిని ఒక పాత్రలో పట్టండి. కుండీ ఒక లీటరుది అయితే, దిగిన నీరు 200 నుంచి 300 మి.లీ. మధ్య ఉండాలి, ఆ నీరు ఖాళీ చేసిన చోటే గాలి నిండుతుంది. అంతకంటే తక్కువ దిగితే మిశ్రమంలో ఇటుక ముక్కలు పెంచండి.

5. పాత మట్టిని తొలగించి నాటండి.
తొలకరి పడిన తరువాత జూన్, జూలై నెలలు దీనికి అనుకూలం; మండు వేసవి, చలికాలం మంచివి కావు. నర్సరీ మొక్కలు చాలావరకు బంకమట్టి ముద్దతో వస్తాయి. ఆ ముద్దను అలాగే ఉంచి చుట్టూ కొత్త మిశ్రమం పోస్తే, నీరు వదులుగా ఉన్న పక్క నుంచి జారిపోయి లోపలి వేళ్లకు అందదు. సన్నని వెదురు పుల్లతో ముద్దను విడదీసి, అవసరమైతే నీళ్లతో కడిగి, మూడో వంతుకు మించకుండా వేళ్లను కత్తిరించండి. కోసిన చోట కారే పాలు చర్మానికి పడకపోవచ్చు కనుక చేతికి తొడుగులు వేసుకోండి. ఫైకస్‌లలో మైక్రోకార్పా అనే రకం ఆరోగ్యంగా ఉంటే ఈ పనిని తేలికగా తట్టుకుంటుంది గాని, బెంజమినా ఆకులు రాల్చుకునే రకం. దాని పాత మట్టిని సగం ఇప్పుడు, సగం తరువాతి మార్పిడిలో తీయడం క్షేమం.

రంధ్రాల మీద వల వేసి, చెట్టు కదలకుండా తీగతో కట్టి, పుల్లతో కదుపుతూ వేళ్ల మధ్య ఖాళీలు మిగలకుండా మిశ్రమం నింపండి. చేత్తో అదిమితే గాలి సందులు మూసుకుపోతాయి. నీళ్లు పోసి, రెండు మూడు వారాలు నీడలో ఉంచండి.

ఇటువంటి మిశ్రమంలో పోషకాలు తక్కువ కాబట్టి కొత్త చిగుళ్లు గట్టిపడిన తరువాత పలుచని ద్రవ ఎరువును క్రమం తప్పకుండా ఇవ్వాలి. పోసిన నీరు వెంటనే ఇంకకుండా పైన నిలవడం మొదలైతే, వేళ్లు కుండీని నింపేశాయని గాని, మిశ్రమం నలిగి మెత్తని పొడి అయిపోయిందని గాని భావించి, రాబోయే తొలకరికి కొత్త మిశ్రమం సిద్ధం చేసుకోండి.