కారు లోపలి లైటు వెలగకపోతే ఎక్కడ వెతకాలి?

తలుపు తీసినా పైకప్పు లైటు వెలగడం లేదంటే చాలామంది ముందు కొత్త బల్బు కొనుక్కొస్తారు. తొందరపడకండి. ముందు లైటు పక్కనే ఉన్న స్విచ్చు చూడండి. చాలా కార్లలో దానికి ఆన్, ఆఫ్, డోర్ అని మూడు స్థానాలుంటాయి. కారు తుడిచేటప్పుడు చెయ్యి తగిలి అది ఆఫ్‌లోకి జరగడం మామూలే.

1. స్విచ్చు ఆన్‌లో పెట్టండి. వెలిగితే బల్బు, ఫ్యూజు బాగున్నట్టే. లోపం తలుపు వైపు ఉంది. నాలుగో అంచెకు వెళ్లండి.

2. వెలగకపోతే ఫ్యూజు చూడండి. ఏది లైటుదో ఫ్యూజు పెట్టె మూత మీదో, కారుతో ఇచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. కొన్ని కార్లలో గడియారానికీ, ఆడియోకూ అదే ఫ్యూజు. అవి కూడా ఆగిపోయి ఉంటే దొంగ దొరికినట్టే. ఇగ్నిషన్ ఆపి ఫ్యూజు లాగండి. లోపలి తీగ తెగి ఉంటే అదే ఆంపియర్లది వేయండి: 10 అయితే ఎరుపు, 15 అయితే నీలం. 10 పోయిందని 15 వేయడం, వెండి కాగితం చుట్టడం తెలివి కాదు, వైరింగ్ కాలిపోతుంది. కొత్తది కూడా వెంటనే పోతే ఎక్కడో షార్ట్ ఉంది. ఆ పని ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి.

3. ఫ్యూజు బాగుంటే బల్బు. లైటు మూత తీసే ముందు ఫ్యూజు లాగి పక్కన పెట్టండి. స్క్రూడ్రైవర్ కొస రెండు క్లిప్పులకూ తగిలితే షార్టవుతుంది. రెండు కొసలా లోహపు టోపీలున్న గొట్టం బల్బయితే, అది బాగానే ఉన్నా క్లిప్పులు వదులై పట్టు తప్పి ఉండవచ్చు. వాటిని కొద్దిగా లోపలికి వంచి, నల్లబడిన చోట సన్నని గరుకు కాగితంతో రుద్దండి.

4. పాత కార్లలో తలుపు చట్రం మీద రబ్బరు తొడుగున్న చిన్న బొత్తమే తలుపు స్విచ్చు. వాన నీటికి తుప్పు పట్టేది ఎక్కువగా ఇదే. లైటు స్విచ్చు డోర్‌లో ఉంచి, ఒక్కో తలుపే తీసి చూడండి. ఒక్క తలుపుకే వెలగకపోతే తప్పు ఆ బొత్తానిది. స్క్రూ విప్పి బయటికి లాగగానే తీగకు టేపు అంటించండి. చట్రంలోకి జారిపోతే దాన్ని మళ్లీ పట్టుకోవడానికి సగం రోజు పడుతుంది. కొత్త కార్లలో ఈ స్విచ్చు తలుపు తాళంలోనే ఉంటుంది. తలుపు తెరిచినా డాష్‌బోర్డు మీద హెచ్చరిక గుర్తు రాకపోతే దాన్నే అనుమానించండి.

తలుపులన్నీ వేసినా లైటు ఆరకపోతే, ఆ బొత్తం పూర్తిగా లోపలికి నొక్కుకోకుండా బయటే ఇరుక్కుని ఉండవచ్చు. 5 వాట్ల బల్బు రాత్రంతా వెలిగితే బ్యాటరీలో సుమారు 4 ఆంపియర్ అవర్లు పోతాయి. పాత బ్యాటరీ అయితే పొద్దున బండి స్టార్టు కాకపోవచ్చు. బాగుచేసే దాకా లైటు స్విచ్చు ఆఫ్‌లో ఉంచండి.

డిక్కీ లైటు ఒక్కటే పోతే, డిక్కీ తలుపుకూ బాడీకీ మధ్య ఉన్న రబ్బరు గొట్టం వెనక్కి లాగి చూడండి. తెరిచి మూసిన ప్రతిసారీ వంగే తీగలు తెగేది అక్కడే.