పోకర్ పాఠాలు – 6: బ్లఫ్‌లో కలిసిపోతున్న రెండు లెక్కలు

ఎదుటివారి పందేలను చదివే పద్ధతితో ఈ పాఠం మొదలుకావలసింది. గత పాఠానికి వచ్చిన అభ్యాసాలు చూశాక దాన్ని వెనక్కి జరిపాను. పాట్‌లో (బల్ల మధ్య పోగైన చిప్పుల్లో) సగం పందెం కాసే బ్లఫ్ (బలహీన ముక్కలతో బలం నటించి కాయడం) 33 శాతం సార్లు ఫలిస్తే నష్టం ఉండదని అప్పుడు లెక్క కట్టుకున్నాం. ఎక్కువమంది దాన్ని ‘మూడు సార్లు పందెం కాస్తే ఒకసారి బ్లఫ్ చేయాలి’ అనే నియమంగా మార్చుకుని, ఏ పందేనికైనా కాల్ చేసే (అంతే పెట్టి ఆటలో కొనసాగే) ఆటగాళ్ల మీద కూడా రివర్‌లో (బల్ల మీద ఐదోది, చివరిది అయిన ముక్క తెరిచాక) చిప్పులు తోసి, ఓడిపోయాక లెక్కనే అనుమానించారు. లెక్కలో లోపం లేదు. రెండు వేర్వేరు ప్రశ్నలకు ఒకే జవాబు వాడుకున్నారు.

మొదటి ప్రశ్న ఎదుటివారి గురించినది. పాట్‌లో 100 చిప్పులు ఉన్నాయి, మీరు 50 కాశారు. మూడు సార్లలో ఒకసారి అతను ఫోల్డ్ చేస్తే (ముక్కలు పడేసి తప్పుకుంటే) మీకు 100 వస్తాయి. మిగిలిన రెండు సార్లు కాల్ చేస్తే యాభై చొప్పున 100 పోతాయి. ఇక్కడ 33 శాతం అనేది అతను ఎంత తరచుగా ముక్కలు పడేయాలో చెప్పే అంకె. మీరు ఎంత తరచుగా బ్లఫ్ చేయాలో అది చెప్పదు. పదిసార్లలో ఒక్కసారి కూడా ఫోల్డ్ చేయని మనిషి ఎదురుగా ఉంటే ఆ అంకె మీకు చెప్పేది ఒక్కటే: బ్లఫ్ మానేయండి.

రెండో ప్రశ్న మీ గురించినది. అదే పందేనికి కాల్ చేయాలంటే అతను 50 పెట్టి 150 కోసం ఆడాలి. మీ పందేల్లో నాలుగింట ఒకటి బ్లఫ్ అయితే, కాల్ చేసినా ఫోల్డ్ చేసినా అతనికి తేడా ఉండదు. అంటే రివర్‌లో సగం పాట్ కాసినప్పుడు మీ బ్లఫ్‌ల వాటా 25 శాతం, అనగా మూడు గట్టి హ్యాండ్లకు (చేతి ముక్కలకు) ఒక బ్లఫ్. పాట్ మొత్తం కాస్తే మొదటి అంకె 50 అవుతుంది, రెండోది 33. పాట్‌కు రెట్టింపు కాస్తే 67, 40. ఈ రెండు అంకెలు ఎక్కడా కలవవు. పైగా పందెం పెద్దదయ్యేకొద్దీ బ్లఫ్‌ల వాటా పెరుగుతుంది, ఎందుకంటే ఎదుటివారికి కాల్ అంత ఖరీదవుతుంది. ‘పెద్ద పందెం కాబట్టి జాగ్రత్తగా, అరుదుగా బ్లఫ్ చేశాను’ అని రాసిన వారు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

ఎదుటివారి అలవాటు తెలిసినప్పుడు మొదటి లెక్కను, తెలియనప్పుడు రెండో లెక్కను వాడండి. సమానుల మధ్య ఆటలో రెండోది రక్షణ కవచం. బలహీనుల మధ్య ఆటలో నేను దాన్ని దాదాపుగా తలవను.

ఇక ఏ ముక్కలతో బ్లఫ్ చేయాలన్నది. టర్న్ (బల్ల మీది నాలుగో ముక్క) వరకు ఇంకా మెరుగుపడే అవకాశమున్న ముక్కలే మేలు. 2003 ప్రపంచ పోకర్ సిరీస్ ప్రధాన పోటీలో చివరికి మిగిలిన ఇద్దరు క్రిస్ మనీమేకర్, శామీ ఫర్హా. ఒక హ్యాండ్‌లో మనీమేకర్ దగ్గర ఇస్పేటు రాజు, ఆఠీను 7 ఉన్నాయి. టర్న్ అయ్యేసరికి బల్ల మీద ఇస్పేటు 9, డైమండు 2, ఇస్పేటు 6, ఇస్పేటు 8. ఫ్లష్‌కు (ఒకే గుర్తు ఉన్న ఐదు ముక్కలు) తొమ్మిది ఇస్పేట్లు, స్ట్రెయిట్‌కు (వరుస అంకెల ఐదు ముక్కలు) ఇస్పేటు కాని 5లు, 10లు ఆరు, వెరసి 15 ముక్కలు, కనబడని 46లో దాదాపు మూడో వంతు. ఫర్హా పందేన్ని మనీమేకర్ రెయిజ్ చేశాడు (పెంచాడు). ఫర్హా కాల్ చేశాడు. రివర్‌లో ఆఠీను 3 వచ్చింది, ఏదీ తగలలేదు. అయినా మనీమేకర్ ఆల్-ఇన్ (ఉన్న చిప్పులన్నీ పందెం) అన్నాడు, 9ల జత పట్టుకున్న ఫర్హా ఫోల్డ్ చేశాడు. టర్న్ రెయిజ్‌తో చెప్పిన కథే రివర్ పందెంలోనూ కొనసాగింది; బల్ల మీది మూడు ఇస్పేట్లు దాన్ని నమ్మించాయి; వినే మనిషికి ఫోల్డ్ చేయడం తెలుసు. ఈ మూడింటిలో చివరిది లేకపోతే మొదటి రెండూ వృథా.

రివర్‌లో ఎంపిక మారుతుంది. బల్ల మీద మూడు ఇస్పేట్లుంటే మీ చేతిలోని ఇస్పేటు ఆసు ఎంతో విలువైనది: అన్నిటికన్నా పెద్ద ఫ్లష్ ఎదుటివారి దగ్గర ఉండదు. దీనికి భిన్నంగా, రెండు ఆఠీన్ల ఫ్లాప్ (బల్ల మీది మొదటి మూడు ముక్కలు) తరువాత తప్పిపోయిన ఆఠీను ఫ్లష్ అందరూ అనుకునేంత మంచి బ్లఫ్ కాదు. ఫోల్డ్ చేయవలసిన తప్పిపోయిన ఆఠీన్లు అతని చేతిలో కాక మీ చేతిలోనే ఉన్నాయి.

చదవడం గురించి క్లుప్తంగా. ముఖాలు చూడటం నాకు ఇష్టం లేదు. పెద్ద పందెం కాసేటప్పుడు చేతులు వణికితే అది భయం కన్నా ఎక్కువగా గట్టి ముక్కల ఉద్వేగమే. కావాలని నిట్టూర్చేవారి దగ్గర బలమే ఉంటుంది. ఈ రెండు చాలు. మిగతా దృష్టి పందేల కొలత మీద, సమయం మీద పెట్టండి. ఫ్లాప్‌లో ఆలోచించకుండా కాల్ చేసినవాడు రెయిజ్ గురించి తలవలేదు కాబట్టి, అతని దగ్గర తరచుగా మధ్యరకం జతో, ఫ్లష్ ఆశో ఉంటుంది. ఫ్లాప్‌లో, టర్న్‌లో చిన్నగా కాసి రివర్‌లో హఠాత్తుగా పాట్ మొత్తం కాసే సాధారణ ఆటగాడి దగ్గర బ్లఫ్ అరుదు. మీరు ఫోల్డ్ చేసిన హ్యాండ్‌లో ముక్కలు తిప్పి చూపినప్పుడే ఇవన్నీ తెలుస్తాయి. ఆ సమయంలో ఫోన్ చూసేవారు రుసుము కట్టి క్లాసు ఎగ్గొట్టినట్టే.

అభ్యాసం. బల్ల మీద ఆఠీను రాజు, ఆఠీను 8, కళావరు 3, డైమండు 5, ఇస్పేటు జాకీ. ఫ్లాప్‌కు ముందు రెయిజ్ చేసింది మీరు, మూడు దశల్లోనూ కాసింది మీరు. మీ గట్టి హ్యాండ్లుగా మూడు ఒకే అంకె ముక్కలు (చేతిలో జత, బల్ల మీద మూడోది), రాజు-జాకీ, ఆసు-రాజు మాత్రమే తీసుకోండి. వాటిని కాంబోలుగా (చేతిలో ఉండగల వేర్వేరు రెండు ముక్కల జోడీలుగా) లెక్కిస్తే 36 రావాలి. రాకపోతే జాకీల జతను, 5ల జతను మరిచారేమో చూడండి. సగం పాట్ పందేనికి 12 బ్లఫ్‌లు, పూర్తి పాట్‌కు 18. ఆ 12నీ, 18నీ ముక్కల పేర్లతో సహా రాయండి, ప్రతిదానికీ ఫ్లాప్ నుంచి రివర్ దాకా ఎందుకు కాశారో ఒక వాక్యం జోడించండి. తప్పిపోయిన ఆఠీన్లను నాలుగుకు మించి వాడకూడదు. ఒక పూటలో అయ్యే పని కాదు. ఏడో పాఠం దీని జవాబులతోనే మొదలవుతుంది.