స్టాక్ (STAC), క్లాక్ (CLAC) మాక్రోలను చివరికి ఎక్కడ పెట్టాను

లైనక్స్ కెర్నెల్‌కు (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకు) నేను అసెంబ్లీలో, అంటే ప్రాసెసర్ సూచనలను నేరుగా రాసే భాషలో, రాసుకున్న ఫైలు కొత్త ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచింది. అమలాపురంలో మా ఇంట్లో ఉన్న 2012 నాటి కంప్యూటర్ మాత్రం ‘ఇన్‌వాలిడ్ ఆప్‌కోడ్’ (ఈ సూచన నాకు తెలియదు) అంటూ చతికిలబడింది. వానాకాలం, కరెంటు పోతూ వస్తూ ఉంది. మొదట తప్పంతా కరెంటు మీదే వేశాను.

దోషం నాదే. స్మాప్ (SMAP) అంటే కెర్నెల్ వాడుకరి ప్రోగ్రాముల మెమరీని పొరపాటున తాకకుండా ఆపే రక్షణ. అది ఉన్న ప్రాసెసర్‌లో కెర్నెల్ ఆ మెమరీని తాకాలంటే స్టాక్ అనే సూచనతో ఏసీ జెండా (ప్రాసెసర్‌లోని ఒక బిట్) ఎత్తాలి, పని కాగానే క్లాక్ అనే సూచనతో దించాలి, మా కాలువ లాకు తలుపులాగే. (ఈ ఏసీకి చల్లదనంతో సంబంధం లేదు.) ఆ రెంటినీ నేను రెండు ఫైళ్లలో నేరుగా రాసేశాను. స్మాప్ 2014లో ఇంటెల్ బ్రాడ్‌వెల్ ప్రాసెసర్లతో వచ్చింది. పాత చిప్‌కు ఆ సూచనలే తెలియవు.

కెర్నెల్‌లో ఎక్స్86 ప్రాసెసర్ల విభాగంలోని స్మాప్.హెచ్ హెడర్‌లో (మిగతా ఫైళ్లు కలుపుకునే ఫైలులో) ఏఎస్ఎం_స్టాక్, ఏఎస్ఎం_క్లాక్ అనే మాక్రోలు, అంటే పేరు పెట్టిన కోడ్ ముక్కలు, ఎప్పటినుంచో ఉన్నాయి. మొదట ఏ పనీ చేయని మూడు బైట్లుగా ఉండి, చిప్‌లో సదుపాయం కనిపిస్తేనే బూట్ సమయంలో అసలు సూచనలుగా మారతాయి. నావి తుడిచేసి ఆ హెడర్‌ను కలుపుకున్నాను.

నా సొంత మాక్రో ఒకటి మిగిలింది. సీ భాష ఫంక్షన్లున్న హెడర్‌లో పెడితే, అసెంబ్లీని యంత్ర కోడ్‌గా మార్చే అసెంబ్లర్ వరుసవరుసకూ అరిచింది. అసెంబ్లీ ఫైలు కలుపుకున్నప్పుడు సీ భాగం కనిపించకుండా దాన్ని __అసెంబ్లర్__ షరతు వెనక దాచాక ఊరుకుంది. అన్నట్టు, ఫైలు పేరు చివర పెద్ద ‘ఎస్’ ఉండాలి. చిన్నదైతే, హెడర్లను, మాక్రోలను విప్పి పెట్టే ప్రీప్రాసెసర్ అటు తొంగి కూడా చూడదు.