రీఫ్ ట్యాంకులో పచ్చ నాచా? ముందు పోసే నీళ్లు చూడండి

రాళ్ల మీద జుట్టులా పెరిగే పచ్చ నాచుతో విసిగిపోయి ఏదో ఒక మందు పోసేద్దాం అనుకుంటున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, మందు ఆఖరి దారి. మన వైజాగ్ ఎండలకి ట్యాంకులో నీరు రోజూ తగ్గుతుంది, ఆ తగ్గినదానికి కుళాయి నీళ్లో, ఇంట్లో తాగే ఆర్వో నీళ్లో పోసేస్తుంటాం. ఆవిరయ్యేది ఉత్త నీరే. మనం పోసిన నీళ్లతో వచ్చిన ఫాస్ఫేట్, నైట్రేట్ లోపలే పేరుకుంటాయి, నాచుకు అదే తిండి. ఆర్వో తర్వాత, నీళ్లలో ఇంకా మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెసిన్ కూడా పెట్టి, నీళ్లలో కరిగినవాటిని కొలిచే టీడీఎస్ మీటర్ సున్నా చూపించాకే పోయండి. బీచ్ దగ్గరే కదా అని ఒడ్డున ముంచుకొచ్చిన సముద్రపు నీళ్లు మాత్రం వద్దు, వానలు పడ్డాక అసలే వద్దు.

ఉన్న నాచును చేత్తో తీయాల్సిందే. నేను నీళ్లు మార్చే రోజునే సన్న సైఫన్ పైపు చివర పాత టూత్‌బ్రష్‌ని రబ్బరు బ్యాండుతో కట్టి రుద్దుతాను, ఊడిన పోగు ఊడినట్టే బకెట్లోకి వెళ్లిపోతుంది. తేలనిచ్చారో, ఇంకో రాయి మీద మళ్లీ మొలుస్తుంది. టర్బో నత్తల్ని ఆ తర్వాత వదలండి, పొట్టి నాచునైతే బాగా మేస్తాయి, బారెడు పెరిగినదాన్ని పెద్దగా ముట్టవు.

ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) మధ్య ఉంటే చాలు. పట్టుబట్టి సున్నాకి దించకండి, పగడాలు పాలిపోతాయి, పైగా డైనోలనే గోధుమరంగు జిగురు పట్టుకోవచ్చు, దాన్ని వదిలించడం ఇంకా కష్టం.