యాక్సిడెంట్ కేసులో న్యాయమైన నష్టపరిహారం రాబట్టుకోవడం ఎలా?

రోడ్డు ప్రమాదాల్లో గాయపడ్డవాళ్ళ తరఫున కేసులు చూడటం నా పని. ఆఫీసు మెట్లెక్కిన ప్రతివాళ్ళూ ముందు అడిగేది ఒకటే: "కాలు విరిగితే ఎంతొస్తుంది సార్?" కాలికింత, చేతికింత అని ఎక్కడా రేటు రాసిపెట్టలేదు. మోటారు వాహనాల చట్టం 168వ సెక్షన్, ఈ కేసులు విచారించే ట్రిబ్యునల్‌ని "న్యాయమైన పరిహారం" ఇవ్వమని మాత్రమే చెబుతుంది. ఒకే ఆసుపత్రిలో ఒకే రోజు ఒకే రకంగా కాలు విరిగి చేరిన ఇద్దరిలో ఒకరికి లక్ష, ఇంకొకరికి పది లక్షలు రావచ్చు. ఆ దెబ్బ తిన్నాక మనిషి ఏ పని చెయ్యలేకపోతున్నాడు, దానివల్ల ఎంత సంపాదన పోయింది అన్నదాన్ని బట్టే అంకె తేలుతుంది. సరిగ్గా దీన్ని రుజువు చేసే దగ్గరే మంచి మంచి కేసులు చెడిపోతున్నాయి.

మొదట కాగితాలు

ఎఫ్.ఐ.ఆర్., వూండ్ సర్టిఫికెట్ (గాయాల వివరాలు రాసిచ్చేది), డిశ్చార్జి సమ్మరీ, చార్జిషీటు, ఎం.వి.ఐ. (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, అవతలి బండి ఆర్.సి., ఇన్సూరెన్స్ పాలసీ, డ్రైవర్ లైసెన్సు. ఇవన్నీ పోలీస్ స్టేషన్ నుంచీ ఆసుపత్రి నుంచీ వస్తాయి, పెద్ద కష్టం కాదు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు కంగారులో ఎవరో ఒకరు "బండి మీంచి పడ్డాడు" అనేస్తారు, డ్యూటీలో ఉన్నవాళ్ళు అలాగే రాసుకుంటారు. తర్వాత ఇన్సూరెన్స్ వాళ్ళు ఆ ఒక్క ముక్క పట్టుకుని, ఇది తనంతట తాను పడ్డ కేసు, లారీకి సంబంధమే లేదు అంటారు. ఫలానా వాహనం గుద్దిందని మొదటి గంటలోనే రాయించండి.

బిల్లులు తేదీల వారీగా ఒకే ఫైల్లో పెట్టండి. పిన్నులు కొట్టొద్దు, ట్యాగు వెయ్యండి. మందుల షాపుల్లో ఇచ్చే సన్నటి బిల్లులు కొన్ని నెలలకే వెలిసిపోయి తెల్ల కాగితాలవుతాయి, తెచ్చిన రోజే జిరాక్స్ తీయించండి. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయినవాళ్ళు బిల్లులే లేవుగా అని చేతులెత్తేస్తారు. బయట కొన్న మందులు, ఫిజియోథెరపీ, ఆటో కిరాయిలు, చేతికర్ర, నడుం బెల్టు, ఇవన్నీ మీ జేబులోంచి పోయినవే. వాటి రశీదులు దాచండి.

గడువు, ఊరు

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వెయ్యాలి. ఈ గడువును సవాలు చేస్తూ కొందరు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. మీరు మాత్రం దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. పైగా వడ్డీ లెక్క పిటిషన్ వేసిన తేదీ కంటే ముందుకు పోదు, కాబట్టి ఆలస్యమైన ప్రతి నెలా మీకే నష్టం.

ఎక్కడ వెయ్యాలన్నది చాలామందికి తెలియదు. ప్రమాదం జరిగిన చోట, మీరు నివాసం ఉంటున్న చోట, అవతలి పార్టీ ఉండే చోట, మూడింటిలో మీకు నచ్చినచోట వెయ్యవచ్చు. శ్రీకాకుళం నుంచి పనికొచ్చిన మనిషికి హైదరాబాద్‌లో యాక్సిడెంట్ అయితే, ఇంటికి చేరాక సొంత జిల్లాలోనే వేసుకోవచ్చు. మీ ఊరి కోర్టులోనే వెయ్యండి. సాక్షులు మీవాళ్ళే, వాయిదాలకు తిరగాల్సింది మీరే.

గుద్దిన బండి దొరక్కపోతే దారి వేరు. హిట్ అండ్ రన్ పథకం కింద తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2 లక్షలు ఇస్తారు. దానికి తహసీల్దారు లేదా ఆర్డీవో ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలి.

తప్పు ఎవరిది

అవతలి డ్రైవర్ నిర్లక్ష్యం చూపించాలి. చార్జిషీటు ఆ డ్రైవర్ మీదే ఉంటే సగం పని అయినట్టే. "నాకు లైసెన్సు లేదు సార్", "ముగ్గురం ఎక్కాం సార్" అని కేసే వదిలేసుకునేవాళ్ళున్నారు. లైసెన్సు లేనంత మాత్రాన ప్రమాదంలో మీ తప్పు ఉన్నట్టు కాదని 2008లో సుధీర్ కుమార్ రాణా కేసులో, బైకు మీద ముగ్గురు ఉన్నంత మాత్రాన పరిహారంలో కోత పెట్టకూడదని 2020లో మహమ్మద్ సిద్దిఖ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రమాదానికి అదే కారణమని అవతలివాళ్ళు రుజువు చెయ్యాలి.

ఆదాయం

జీతగాళ్ళయితే జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఫారం 16 సరిపోతాయి. ఇచ్చిన యజమాని వచ్చి సాక్ష్యం చెబితే మరీ మంచిది. వ్యాపారస్తులు ప్రమాదానికి ముందు వేసిన ఐ.టి. రిటర్నులు పెట్టాలి. ప్రమాదం తర్వాత హడావుడిగా వేసిన రిటర్నుని ఏ జడ్జీ నమ్మడు, వెయ్యకండి.

కూలిపని చేసేవాళ్ళ దగ్గర కాగితం ఉండదు. దానికి భయపడక్కర్లేదు. 2011లో రామచంద్రప్ప కేసులో కాగితాలేమీ లేని కూలీ చెప్పిన నెలకు 4,500 రూపాయల ఆదాయాన్ని సుప్రీంకోర్టు అలాగే ఒప్పుకుంది, అది సహేతుకమైన అంకె కాబట్టి. మేస్త్రినో కాంట్రాక్టరునో ఒకరిని తెచ్చి రోజు కూలీ ఎంతో చెప్పించండి, ప్రభుత్వ కనీస వేతనాల జీవో జత చెయ్యండి. ఇంటిపని చేసే ఆడవాళ్ళకు ఆదాయం లేదని సున్నా వెయ్యడం తప్పు. వాళ్ళ శ్రమకూ విలువ కట్టాలని సుప్రీంకోర్టు ఒకటికి రెండుసార్లు చెప్పింది.

అసలు చిక్కు: శాతం

ఇక్కడ నింపాదిగా చదవండి. ఎందుకింత పట్టుబడతానో తెలియాలంటే ఒక లెక్క చూడాలి.

34 ఏళ్ళ తాపీ మేస్త్రి, నెలకు 15,000 సంపాదన అనుకుందాం. 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రణయ్ సేథీ తీర్పు ప్రకారం సొంతంగా పనిచేసుకునే 40 ఏళ్ళలోపు వాళ్ళకు భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలపాలి. ఇది గాయాల కేసులకూ వర్తిస్తుందని 2020లో పప్పు దేవ్ యాదవ్ కేసులో తేల్చారు. 21,000 అయింది. ఏడాదికి 2,52,000. 2009 సరళా వర్మ తీర్పులోని పట్టిక ప్రకారం 31 నుంచి 35 ఏళ్ళ వయసుకు మల్టిప్లయర్ (ఏడాది ఆదాయాన్ని ఎంతతో హెచ్చించాలో చెప్పే అంకె) 16. హెచ్చిస్తే 40,32,000. చావు కేసుల్లోలాగా సొంత ఖర్చుల కింద మూడో వంతు కొట్టెయ్యకూడదు. మనిషి బతికే ఉన్నాడు, తింటున్నాడు.

ఇప్పుడు ఈ అంకెని సంపాదన శక్తి ఎంత శాతం పోయిందో దానితో గుణిస్తారు. 10 శాతమైతే 4,03,200. 20 అయితే 8,06,400. 40 అయితే 16,12,800. ఆసుపత్రి బిల్లుల కోసం ఏడాది తిరిగి యాభైవేలు రాబట్టుకునేవాళ్ళు, ఒక్కో పది శాతానికి నాలుగు లక్షలు పలికే ఈ గడిని ఎవరో డాక్టర్ రాసిచ్చిన వైకల్య సర్టిఫికెట్‌కి వదిలేస్తున్నారు.

సర్టిఫికెట్‌లో ఉన్న శాతం, పోయిన సంపాదన శాతం ఒకటి కావు. 2010 అక్టోబర్‌లో రాజ్ కుమార్ కేసులో జస్టిస్ రవీంద్రన్ దీన్ని విడమరిచి రాశారు. ఎడమ చెయ్యి తీసేసిన మనిషికి వైకల్యం 60 శాతం అనుకుంటే, అతను డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు నూటికి నూరు శాతం పోయినట్టే. అదే ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా అయితే ఉద్యోగం నిలవొచ్చు, జీతంలో నష్టం లేకపోవచ్చు. చెయ్యి అదే, శాతం అదే, పరిహారం వేరు. ట్రిబ్యునల్ మూడు సంగతులు చూడాలని ఆ తీర్పు చెబుతోంది: ఈ మనిషి ఇప్పుడు ఏం చెయ్యగలడు, ఏం చెయ్యలేడు; ప్రమాదానికి ముందు ఏం చేసేవాడు, వయసెంత; పాత పనే చేసుకోగలడా, ఇంకో పనికి దిగాలా, అసలు ఏదీ చెయ్యలేడా. మీ సాక్ష్యం ఈ మూడింటికీ జవాబు చెప్పాలి.

ఇప్పుడు మామూలుగా జరిగేది చూడండి. కేసు వేసినాయన ఎవరో డాక్టర్ దగ్గర 40 శాతం అని రాయించుకొస్తాడు. డాక్టర్ బోనెక్కుతాడు. ఇన్సూరెన్స్ వకీలు అడుగుతాడు:

"ఈయనకు ఆపరేషన్ మీరు చేశారా?"
"లేదు."
"ఎన్నిసార్లు చూశారు?"
"సర్టిఫికెట్ కోసం వచ్చినప్పుడు."
"40 శాతం కాలికా, మొత్తం శరీరానికా?"
"కాలికి."
"కూర్చుని చేసే పని చేసుకోవచ్చా?"
"చేసుకోవచ్చు."

అంతే, వకీలు కూర్చుంటాడు. మొత్తం కేసు ఆ నాలుగు ప్రశ్నల్లో కూలిపోయింది. ఒక అవయవానికి చెప్పిన శాతాన్ని శరీరానికంతటికీ వేసుకోకూడదు. రెండు చోట్ల దెబ్బలుంటే కూడి చెప్పడమూ కుదరదు. కుడి చేతికి 60, ఎడమ కాలికి 80 అంటే శరీరానికి 140 అయినట్టు కాదని రాజ్ కుమార్ తీర్పులోనే చెప్పారు.

కాబట్టి ఇలా చెయ్యండి. సర్టిఫికెట్ తొందరపడి తీసుకోవద్దు. ఎముక అతుక్కుని, ఫిజియోథెరపీ పూర్తయి, ఇంతకంటే మెరుగవదని తేలాకే తీసుకోండి. వైద్యం చేసిన డాక్టరే ఇవ్వాలి. ఆయన కుదరదంటే జిల్లా మెడికల్ బోర్డుకు పంపమని ట్రిబ్యునల్‌ని కోరండి. అడగ్గానే శాతాలు రాసిచ్చే డాక్టర్ల విషయంలో అప్రమత్తంగా ఉండమని సుప్రీంకోర్టే ట్రిబ్యునళ్ళను హెచ్చరించింది, జడ్జీలకు ఆ పేర్లు బాగా తెలుసు. సదరం సర్టిఫికెట్ ఉంటే తప్పక జత చెయ్యండి, కానీ అది పింఛనుకు పనికొచ్చినట్టు ఇక్కడ ఒంటరిగా పనికిరాదు. డాక్టర్ వచ్చి చెబితేనే దానికి బలం.

ఆ సర్టిఫికెట్‌లో మొత్తం శరీరానికి శాతం విడిగా ఉండాలి. శాతం కంటే ముఖ్యం, దాని కింద రాసే వాక్యాలు. "మోకాలు పూర్తిగా వంగదు, గొంతుక్కూర్చోలేడు, నిచ్చెన ఎక్కలేడు, బరువు తలకెత్తుకోలేడు" అని డాక్టర్ చేత రాయించండి. ఆయనకు మీ పనేమిటో చెప్పండి. తాపీ మేస్త్రి రోజంతా గొంతుక్కూర్చుని ఇటుక పేరుస్తాడని, పరంజా ఎక్కుతాడని డాక్టర్‌కి తెలియకపోతే "పని చేసుకోవచ్చు" అనేస్తాడు. ఆ పని తీరు చెప్పడానికి మీతో చేసిన ఇంకో మేస్త్రిని సాక్షిగా పెట్టండి. ఒక పక్క ఒళ్ళు ఏం చెయ్యలేదో, ఇంకో పక్క పనికి ఏం కావాలో, రెండూ రికార్డులోకి వస్తే జడ్జి రెంటినీ కలిపి శాతం పెంచగలడు. ఒక్కటే వస్తే పెంచాలని ఉన్నా పెంచలేడు.

డాక్టర్లు కోర్టుకు రారు, వాయిదాలకు విసుక్కుంటారు. ఫలానా రోజు ఫలానా సమయం అని ముందే ఖాయం చెయ్యమని, లేదంటే అడ్వకేట్ కమిషనర్‌ని ఆసుపత్రికే పంపి సాక్ష్యం రాయించమని పిటిషన్ పెట్టండి. ఈ రెండు దారులూ రాజ్ కుమార్ తీర్పులో ఉన్నాయి. డాక్టర్ రాలేదు కాబట్టి సర్టిఫికెట్ రికార్డులో మార్క్ చేసి సరిపెట్టుకుందాం అనే వకీలుని నేనైతే మార్చేస్తాను.

మిగతా పద్దులు

మంచం మీద ఉన్న నెలల కూలీ, పోషకాహారం, రానుపోను ఖర్చు, తోడున్నవారి ఖర్చు, నొప్పీ బాధా, జీవితంలో కోల్పోయిన సుఖాలు, ఇవన్నీ విడివిడిగా అడగండి. ప్లేటు, రాడ్డు తీయించడానికి ఇంకో ఆపరేషన్ ఉంటే దాని అంచనా ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద ఇప్పుడే తీసుకోండి. మళ్ళీ అడిగే అవకాశం రాదు. మంచాన పడ్డ మనిషికి జీవితాంతం సంరక్షకులు కావాలంటే, ఆ ఖర్చుకీ మల్టిప్లయర్ వెయ్యాలని 2020లో కాజల్ కేసులో చెప్పారు. ఉద్యోగం పోని గుమాస్తాకు భవిష్యత్తు సంపాదన కింద రానిది ఈ కోల్పోయిన సుఖాల పద్దులో కొంత రావాలి.

ఎక్కువ అడిగితే కేసు కొట్టేస్తారన్న భయం వద్దు. అడిగినదానికంటే ఎక్కువ కూడా ఇవ్వవచ్చని 2002లో నాగప్ప కేసులోనే తేలిపోయింది.

రాజీ, ఫీజు, అప్పీలు

లోక్ అదాలత్‌లో డబ్బు త్వరగా వస్తుంది, మంచిదే. కానీ డాక్టర్ సాక్ష్యం కాకముందు వెళ్ళొద్దు. మీ శాతం తేలకముందు ఇన్సూరెన్స్ వాళ్ళు చెప్పే అంకె బిల్లుల చుట్టూనే తిరుగుతుంది.

ఆసుపత్రి వరండాలో కలిసి "వచ్చినదాంట్లో ఇంత శాతం" అని తెల్లకాగితాల మీద సంతకాలు తీసుకునే ఏజెంట్లను దగ్గరకు రానివ్వకండి. వచ్చే పరిహారంలో వాటా మాట్లాడుకోవడం వకీళ్ళకు బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం నిషిద్ధం. ఫీజు ఇంత అని ముందే కాగితం మీద రాయించుకోండి, పరిహారం మాత్రం మీ పేరున్న ఖాతాలోకే జమ చెయ్యమనండి.

తీర్పు కాపీ రాగానే శాతం, మల్టిప్లయర్, భవిష్యత్తు పెరుగుదల, మూడూ మీరే సరిచూసుకోండి. పెరుగుదల కలపడం మర్చిపోయిన తీర్పులు ఇప్పటికీ వస్తున్నాయి. తేడా ఉంటే 90 రోజుల్లోపు హైకోర్టులో అప్పీలు వెయ్యవచ్చు, వివాదంలో ఉన్న మొత్తం లక్ష రూపాయలకు తక్కువ కాకుండా ఉండాలి.