పెరటి పూల పాఠాలు – 4: వంకాయ పువ్వు తలుపు తట్టేదెవరు?

పోయిన మూడు పాఠాల్లో ఈగను, కందిరీగను, తేనెటీగను వేరుచేసి చూడడం నేర్చుకున్నాం. రెక్కలు రెండా నాలుగా, మీసాలు పొట్టివా పొడుగువా, వెనక కాళ్ళకు పుప్పొడి అంటుకుని ఉందా లేదా అన్న మూడు ప్రశ్నలు ఈపాటికి మీకు అలవాటై ఉండాలి. ఇంకా తడబడుతుంటే వెనక్కి వెళ్ళి ఒక ఉదయం తులసి కంకుల దగ్గర గడిపి రండి. ఈ పాఠం ఎక్కడికీ పోదు.

ఇప్పటిదాకా పురుగు వెంట మన చూపు తిరిగింది. ఈసారి చూపును ఒక పువ్వు మీద నిలిపి, దాని దగ్గరకు ఎవరొస్తారో, వచ్చి ఏం చేస్తారో చూడాలి. పావుగంట కదలకుండా కూర్చోవాలి. వినడానికి తేలికే గానీ, మొదటి రోజు అయిదో నిమిషానికే చేతులు కలుపు మొక్కల వైపు పోతాయి. పోనివ్వకండి.

పాఠానికి వంకాయ పువ్వును ఎంచుకున్నాను. కుండీలో పెంచినా పూస్తుంది, దాదాపు ఏడాది పొడవునా దొరుకుతుంది. పైగా, తేనెటీగల పెట్టె ఒకటి తెచ్చిపెడితే పెరట్లో పూలన్నీ పిందె పడతాయనే నమ్మకాన్ని ఈ పువ్వు ఒక్క ఉదయంలో వదిలిస్తుంది.

ఉదయం ఎండ పడ్డాక పువ్వు తొడిమ పట్టుకుని మెల్లగా పైకి తిప్పి ముఖంలోకి చూడండి. ఊదారంగు రేకుల మధ్య, చిన్న అరటి గెలలా, పసుపుపచ్చని పరాగకోశాలు, అంటే పుప్పొడి సంచులు, ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. వాటి నడుమ నుంచి ఆకుపచ్చని కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే కొస, తొంగి చూస్తుంటుంది. ఇప్పుడు పక్కనున్న మందారాన్ని వేలితో ముట్టుకోండి, పుప్పొడి పసుపులా అంటుతుంది. అదే వేలు తుడుచుకుని వంకాయ పువ్వును ముట్టుకోండి. ఏమీ అంటదు.

మందారంలో పరాగకోశం పగిలి, పుప్పొడి బయటే ఉంటుంది. వంకాయలో పరాగకోశం పగలదు. ఒక్కోదాని కొసన రెండేసి సన్నని చిల్లులుంటాయి, అంతే. హోటల్ బల్ల మీద చిల్లుల మూత ఉన్న ఉప్పు డబ్బా గుర్తుందా? లోపల పొడిపొడిగా పుప్పొడి, బయటకు రావడానికి ఆ చిల్లులే దారి. మకరందమా, ఒక్క చుక్క కూడా లేదు. వచ్చిన అతిథికి ఈ పువ్వు ఇచ్చేది పుప్పొడి ఒక్కటే, అదీ తాళం వేసి పెట్టుకుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. వంకాయ పువ్వు అడిగినా పెట్టదు, అడిగే తీరులో అడగాలి.

ఆ తీరు తెలియనివాళ్ళలో తేనెటీగ ఒకటి. పెట్టెల్లో పెంచే పుట్ట తేనెటీగ గానీ, పెద్ద చెట్లకూ నీళ్ళ ట్యాంకులకూ పట్టు పెట్టే కొండ తేనెటీగ గానీ పువ్వు మీద వాలతాయి, కాసేపు తచ్చాడతాయి, చిల్లుల దగ్గర రాలిన పిసరంత ఏరుకుంటాయి, వెళ్ళిపోతాయి. అవి పనిదొంగలని కాదు. ఆవాలు, పొద్దుతిరుగుడు, ధనియాల పూల మీద వాటికి సాటి లేదు. ఈ తాళానికి మాత్రం వాటి దగ్గర చెవి లేదు.

చెవి ఉన్నది తుమ్మెద దగ్గర. కవులు తుమ్మెదను వందల ఏళ్ళుగా తామరల చుట్టూ తిప్పారు. ఎవరైనా ఒక్కసారి వంగమడి వైపు పంపి ఉంటే అసలైన సంగీతం వినేవారు. బొటనవేలి కొసంత లావు, నల్లని నునుపు ఒళ్ళు, ఎండలో నీలంగా మెరిసే రెక్కలు. వస్తున్నప్పుడు లోతైన స్వరంలో 'ఝుం' అంటుంది. పువ్వును ఆరు కాళ్ళతో కావలించుకుంటుంది, పొట్టను పరాగకోశాల కింద వంచుతుంది. దాని బరువుకు పువ్వు ఇంకాస్త కిందికి వాలుతుంది. అప్పుడు రెక్కలు ఆగిపోతాయి. చప్పుడు మాత్రం ఆగదు, పైగా స్వరం పెరుగుతుంది. దోమ చెవి దగ్గరకు వచ్చినప్పటి 'గీ'కి దగ్గరగా, కొద్ది సెకన్ల పాటు, విడతలు విడతలుగా. ఎగరడానికి వాడే ఛాతీ కండరాలనే రెక్కలు ఆడించకుండా సెకనుకు కొన్ని వందల సార్లు వణికిస్తోందన్నమాట. ఆ వణుకు పువ్వులోకి పాకి, చిల్లుల్లోంచి పుప్పొడి దాని పొట్ట మీదకు చిమ్ముతుంది. మరో పువ్వు మీద వాలినప్పుడు ముందుకు పొడుచుకొచ్చిన కీలాగ్రం సరిగ్గా ఆ పొట్టకే తగులుతుంది.

తుమ్మెద కనపడకపోయినా చెవితో పట్టుకోవచ్చు. 'ఝుం' నుంచి 'గీ'కి స్వరం మారిందంటే తాళం తెరుచుకున్నట్టే. నేను మొదట నేర్చుకున్నది ఈ శబ్దాన్నే, రంగూ ఆకారమూ తర్వాత.

నమ్మకం కుదరకపోతే మీరే తుమ్మెద అవతారం ఎత్తండి. బడి ప్రయోగశాలలో ఉండే శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) దొరికితే మంచిది, లేకపోతే బ్యాటరీతో నడిచే పళ్ళ బ్రష్షు చాలు. ఉదయం మంచు ఆరాక, పువ్వు కింద నల్ల కాగితం పట్టుకుని, ఆడుతున్న బ్రష్షు వెనక భాగాన్ని పరాగకోశాలకు ఆనించండి. కాగితం మీద లేత పసుపు పొడి రాలుతుంది. మామూలుగా వేలితో తడితే ఇంత రాలదు. యూరప్‌లో అద్దాల ఇళ్ళలో టమాటా పండించేవాళ్ళు ఒకప్పుడు కూలీల చేత ఇలాంటి వణికే కర్రలతోనే పువ్వు పువ్వునూ తట్టించేవారు. 1980ల చివర్లో బంబుల్ బీలను పెంచి పెట్టెల్లో అమ్మడం మొదలయ్యాక ఆ పని వాటికి అప్పగించారు. టమాటా పువ్వుదీ ఇలాంటి తాళమే మరి. (ఇక్కడ ఒక చిన్న మాట. పిల్లల బొమ్మల పుస్తకాల్లో బొచ్చుతో గుండ్రంగా ఉండే బంబుల్ బీ కింద 'తుమ్మెద' అని రాస్తుంటారు. అది మన దేశంలో హిమాలయాల వైపు ఉండే జీవి. మన తుమ్మెద కట్టెను తొలిచేది, ఒంటరిది. రెండూ ఒకటి కాదు.)

ఇక 'మా వంగ మొక్క పూస్తోంది గానీ పూలు రాలిపోతున్నాయి, తేనెటీగలు లేకపోవడం వల్లేనా' అన్న ప్రశ్న. తుమ్మెద మీద నేరం మోపే ముందు మళ్ళీ ఒకసారి పువ్వు ముఖంలోకి చూడండి. కొన్ని పూలలో కీలాగ్రం పరాగకోశాలను దాటి బాగా బయటకు ఉంటుంది. కొన్నింటిలో వాటితో సమంగా ఉంటుంది. ఇంకొన్నింటిలో ఎక్కడో లోపల దాక్కుని అసలు కనపడదు. ఆ కీలాగ్రాన్ని మోసే కాడే కీలం. పొడుగు కీలం పువ్వే బాగా కాయ పట్టేది. సమంగా ఉన్నది కూడా కొంతవరకు పడుతుంది. పొట్టి కీలం పువ్వు, తుమ్మెద వచ్చినా రాకపోయినా, పుప్పొడి ఇచ్చి రాలిపోతుంది. ఒకే మొక్క మీద ఈ రకాలన్నీ ఉంటాయి. అందుకే రాలిన పూలను లెక్కపెట్టే ముందు అవి ఏ రకమో చూడాలి. పదింటికి పదీ పొట్టివే అయితే అది మొక్క సొంత లెక్క. పొడుగు కీలం పూలు వరసగా రాలుతుంటే అప్పుడు ఎండ, నీరు, పోషణ, తుమ్మెద, ఈ నాలుగింటినీ అనుమానించండి.

తుమ్మెద ఇంటి సంగతి చెప్పాలంటే నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. సొరపాదుకు వేసిన వెదురు పందిట్లో ఒక బొంగుకు అడుగువైపున చిటికెన వేలు పట్టేంత గుండ్రని చిల్లు కనిపించింది, కింద నేల మీద రంపపు పొట్టు లాంటి పొడి. పందిరి పుచ్చిపోతోందనుకుని సిమెంటు ముద్ద కూరాను. మర్నాడు నల్ల తుమ్మెద ఒకటి ఆ సిమెంటు చుట్టూ చాలాసేపు తిరిగింది. అది కట్టెను తినదనీ, దవడలతో తొలిచి పొట్టును బయట పారబోస్తుందనీ నాకప్పటికి తెలియదు. లోపల పుప్పొడి, మకరందం కలిపి ముద్ద చేసి, దాని మీద ఒక గుడ్డు పెట్టి, పొట్టుతో అడ్డుగోడ కట్టి, పక్క గదిలో మళ్ళీ ముద్ద, మళ్ళీ గుడ్డు. కీటకాలన్నిటిలోకీ అతి పెద్ద గుడ్లు పెట్టేవాటిలో ఇదొకటి. కాబట్టి పెట్టేది కొద్ది గుడ్లే. తేనెపట్టులో వేలమందిలో ఒకటి పోతే పట్టుకు తెలియదు. తుమ్మెద బొంగు ఒకటి మూసుకుపోతే మీ పెరటి తుమ్మెదల్లో ఒక తరం పోయినట్టే.

ఆ సిమెంటు ముద్ద ఇప్పటికీ అలాగే ఉంది. పక్కనే నాలుగు ఎండు వెదురు ముక్కలు, కణుపు ఒక వైపు మూసి ఒక వైపు తెరిచి, వాన తడపని చూరు కింద అడ్డంగా కట్టాను. రెండో వేసవికి ఒకదాని కింద పొట్టు రాలింది. మీరూ కట్టండి. రంగు, వార్నిషు వద్దు. కుడుతుందని భయపడేవారికి ఒక మాట: మన ముఖం ముందు గాల్లో నిలబడి దబాయించేది సాధారణంగా మగది, దానికి ముల్లే లేదు. ఆడదానికి ఉంది గానీ, చేత్తో పట్టుకుంటే తప్ప కుట్టదు.

వంగ పువ్వు దగ్గరకు వచ్చే మరో తాళంచెవి నీలి చారల తేనెటీగ. తేనెటీగ అంతే ఉంటుంది, పొట్ట మీద మెరిసే లేత నీలం పట్టీలు. నిమిషం నిలవదు, పువ్వు నుంచి పువ్వుకు సూదిలా దూసుకుపోతుంది. దానిని తీరిగ్గా చూడాలంటే పొద్దు గుంకే వేళ తులసి ఎండు పుల్లలు వెతకండి. మగవి దవడలతో పుల్లను కరిచి పట్టుకుని, కాళ్ళు ముడుచుకుని, వరసగా వేలాడుతూ నిద్రపోతుంటాయి. ఆడవి నేలలో బొరియలు చేసుకుంటాయి. అందుకే పెరడంతా గచ్చు చేయించకండి. ఎండ తగిలే మూల ఒక గజం మట్టిని తవ్వకుండా, కప్పకుండా వదిలేయండి. గులాబీ ఆకుల అంచున కత్తెరతో కోసినట్టు గుండ్రని ముక్కలు పోయి ఉంటే మందు సీసా కోసం పరుగెత్తకండి. అది ఆకు కోసే తేనెటీగ. ఆ ముక్కలతో గుడ్లకు దొప్పలు కుడుతోంది. గులాబీకి నష్టమేమీ లేదు.

మందుల విషయంలో ఒక సలహాతో నాకు పేచీ ఉంది. 'తేనెటీగలు గూటికి చేరాక సాయంత్రం పిచికారీ చేయండి' అని అందరూ అంటారు. పగటిపూల వరకు అది సరే. మన పందిరి కింద సాయంత్రం ఆరున్నరకు నిలబడి చూడండి. తెల్లని సొర పువ్వు అప్పుడే విచ్చుకుంటుంది. అంతకు కాస్త ముందే పసుపుపచ్చని బీర పువ్వు విచ్చుకుని ఉంటుంది. పొట్ల పువ్వు అంచుల దారాలు చీకటిలో తెల్లగా విప్పుకుంటాయి. వాటికి రాత్రి చిమ్మెటలు రావాలి, పొడవాటి తొండంతో గాల్లో నిలబడి తాగేవి. గుమ్మడి, కాకర, దోస తెల్లవారాక పూసేవి. అంటే మీ పందిట్లో సొర ఉంటే సాయంత్రపు మందు సరిగ్గా దాని పెళ్ళి వేళకు పడుతుంది. నా మాట అడిగితే పూత ఉన్నన్నాళ్ళు పెరట్లో మందే వద్దు. వంగలో వడలిన కొమ్మ చివరలు పురుగుతో సహా తుంచి పారేస్తే సగం బాధ తీరుతుంది. ముఖ్యంగా ఇమిడాక్లోప్రిడ్ లాంటివి మొక్క రసంలో కలిసి పుప్పొడి దాకా చేరతాయి. ఆ కోవలోని మూడింటిని యూరోపియన్ యూనియన్ 2018లో ఆరుబయట పొలాల్లో నిషేధించింది. కుండీ మొక్కకు అంత మందెందుకు?

చిమ్మెట రాకపోతే సొర పిందెలు పసుపు పడి రాలతాయి. అలాంటప్పుడు మీరే చేయి కలపవచ్చు. పువ్వు కింద వేలెడంత నూగు సొరకాయ ఉన్నది ఆడ పువ్వు, సన్నని పొడుగు కాడ మీద ఒంటరిగా ఉన్నది మగది. చీకటి పడుతుండగా మగ పువ్వును కోసి, రేకులు వెనక్కి మడిచి, ఆడ పువ్వు మధ్యన మెల్లగా రుద్దండి. ఒక మగ పువ్వు రెండు మూడింటికి సరిపోతుంది. పాదు మొదట్లో మగ పూలే పూస్తాయి, కంగారు పడకండి.

వీలైతే పెరటి గోడ అవతల ఒక తంగేడు మొక్కను నరకకుండా ఉంచండి. బతుకమ్మలో పేర్చే ఆ తంగేడు, తెలంగాణ రాష్ట్ర పుష్పం, వంకాయ లాగే మకరందం లేకుండా, చిల్లుల పరాగకోశాలతో తుమ్మెదను పిలిచే పువ్వు. దానిలో కేసరాలు, అంటే పుప్పొడి మోసే కాడలు, రెండు రకాలు. పొట్టివి తుమ్మెదకు తిండి పెడతాయి. పొడుగువి దాని ఒంటి మీద చేయి అందని చోట పుప్పొడి చల్లి పంపుతాయి. వంగమడికి పూత లేని నెలల్లో తుమ్మెదను మీ చుట్టుపక్కల నిలిపేది ఇలాంటి మొక్కలే.

ఇంటిపని. పొడుగు కీలం ఉన్న వంగ మొగ్గలు పదిహేను ఎంచుకోండి, రేపు విచ్చుకునేవి. అయిదింటికి పాత దోమతెర గుడ్డతో చిన్న సంచులు కట్టి ఎర్ర దారం వేయండి. మరో అయిదింటికీ అలాగే కట్టి, విచ్చుకున్నాక రెండు ఉదయాలు సంచి తీసి బ్రష్షుతో వణికించి మళ్ళీ కట్టండి, వీటికి తెల్ల దారం. మిగిలిన అయిదూ తుమ్మెదకు వదిలి నల్ల దారం కట్టండి. వంకాయ తన పుప్పొడితో తానే కొంత కాయ పట్టగలదు కాబట్టి ఎర్ర దారానికీ ఒకటీ అరా నిలవవచ్చు. కాయలు ఎదిగాక తూచి, అడ్డంగా కోసి గింజలు చూడండి. ఈలోగా రోజుకొక పావుగంట పుస్తకం పట్టుకుని కూర్చోండి. నా పుస్తకంలోని ఒక ఉదయం ఇలా ఉంది:

8:10. నల్ల తుమ్మెద. పొడుగు కీలం పువ్వు, మూడుసార్లు 'గీ'. పక్క మొక్కకు వెళ్ళింది.
8:14. పుట్ట తేనెటీగ. వాలింది, చప్పుడు మారలేదు, వెళ్ళింది.
8:15. నీలి చారలది. ఒక్క 'గీ', నాలుగు పూలు, నేను రాసేలోపే మాయం.
8:16 నుంచి 8:25. ఎవరూ రాలేదు. ఒక చీమ.